తెడ్డు ఎవరి చేతిలో ఉండాలి

నమస్కారం. ఇరవై ఏడేళ్లుగా లండన్ వంటశాలల్లో పనిచేస్తున్న నేను, ఈసారి సెలవుకు మా కడపకు వచ్చి, కెమెరా పట్టుకుని ఒక చిన్న మెస్సు వెనుక వాకిట్లో కూర్చున్నాను. మధ్యాహ్నపు సంగటి సిద్ధమయ్యే వేళ ఇది.

కుండలో బియ్యం మెత్తగా ఉడికాక, మెస్సు పెద్దాయన రాగిపిండిని గుట్టగా పోసి, తెడ్డు కాడతో మధ్యలో గుంత చేసి, మంట తగ్గించి మూత పెట్టారు. పిండి ఆవిరికి లోపలిదాకా మగ్గకముందే గెలికితే ఉండలు కడుతుంది, పచ్చివాసన పోదు. పక్కనున్న కుర్రవాడు ఈలోగా మూడుసార్లు మూత మీదికి చేయి చాపాడు. "ఇంగ ఉడకల్లరా, గెలకద్దు" అన్నారాయన. మూత తీశాక తెడ్డును వాడికే ఇచ్చారు. ఒక పక్క ఉండలు కట్టనే కట్టాయి. ఆయన తెడ్డు లాక్కోలేదు. "ఆ పక్క అదిమి తిప్పు" అని మాత్రం అన్నారు.

నాకు ఒక శనివారం రాత్రి గుర్తుకొచ్చింది. బల్లలన్నీ నిండి ఉండగా, మా వంటశాలలో ఒక కొత్త కుర్రవాడు చేస్తున్న సాస్ విరిగిపోతుంటే, నేను గిన్నె లాక్కుని నిమిషంలో సరిచేశాను. ప్లేట్లు వేళకే వెళ్లాయి. ఆ కుర్రవాడు మాత్రం నేను పక్కన లేకుండా ఆ సాస్ మళ్లీ ముట్టలేదు, నాలుగు నెలలకు మానేశాడు. చేయి తిరిగినవాడు; తప్పు నాది.

1890లో లండన్ సవాయ్ హోటల్‌కు వచ్చిన ఫ్రెంచి చెఫ్ ఆగస్ట్ ఎస్కాఫియే వంటశాలను సైన్యంలాగా విభాగాలు చేసి, సాస్‌లకు ఒకరు, చేపలకు ఒకరు, కాల్చే మాంసానికి ఒకరు అన్నట్టు పని పంచారు. నేటికీ పెద్ద రెస్టారెంట్లు నడిచేది ఆ పద్ధతిలోనే. అందులో వేగం ఉంది, ఒక చిక్కూ ఉంది: కూరగాయల దగ్గర నిలబెట్టిన పిల్లవాణ్ణి అక్కడే మరిచిపోవడం చాలా సులువు. అందుకే ఇప్పుడు నేను ప్రతివారినీ ఆరు నెలలకొకసారి స్థానం మారుస్తున్నాను. మొదటి రెండు వారాలు పని కుంటుతుంది, మేనేజరు సణుగుతారు, సణగనీయండి.

2001లో టామరిండ్, జైకా అనే లండన్‌లోని రెండు భారతీయ రెస్టారెంట్లకు, మేటి వంటకు ఫ్రెంచి గైడు మిషెలిన్ ఇచ్చే నక్షత్రం వచ్చినప్పుడు, మన వంటకు అలాంటి గౌరవం దక్కడం అదే మొదటిసారి కనుక, గిన్నెలు తోమేవారితో సహా మేమంతా పండుగ చేసుకున్నాం. ఆ నక్షత్రం చెఫ్‌కు కాదు, రెస్టారెంటుకు ఇస్తారు. ఏటేటా మళ్లీ తూకం వేస్తారు. రుచి చూడవచ్చిన మనిషి ఎవరో మనకు తెలియదు. ఆయన వచ్చిన రోజు నేను జ్వరంతో ఇంట్లో పడుకుని ఉండవచ్చు. అప్పుడు పొయ్యి దగ్గర ఉండేది, నేను గిన్నె లాక్కోకుండా వదిలిపెట్టిన పిల్లలే.

ఇక్కడ కుర్రవాడు చేయి తడుపుకుని ముద్దలు చేస్తున్నాడు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వాడు చేసిన మొదటి ముద్దను పెద్దాయన నా ఆకులోనే వేసి, పక్కన నాటుకోడి పులుసు పోశారు. రెండో కబళంలో చిన్న పిండి ఉండ పంటికి తగిలింది. పెద్దాయనకు చెప్పలేదు. కుర్రవాణ్ణి పిలిచి, దాన్ని వేలితో చిదిమి, లోపలి పొడిపిండిని చూపించాను.