చిగురు గాయానికి లేజర్ లైటు: ఎన్ని సెకన్లు పెట్టాలె?

నమస్తే. నేను నల్లగొండల పండ్ల డాక్టర్ని. ఈ వీడియో కొత్తగ క్లినిక్ పెట్టుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం. పన్ను పీకినంక, చిగుర్ల ఆపరేషన్ అయినంక గాయం తొందరగ మానాలని లేజర్ లైటు పెడుతుంటం గదా. అది ఎంతసేపు పెట్టాలె అన్నదే ఇయ్యాల ముచ్చట.

ఇది కోసే లేజర్ కాదు. కోసేది వాట్లల్ల నడుస్తది, దీనికి మిల్లీవాట్లు చాలు. పేషెంటుకు నొప్పి ఉండదు.

1967ల బుడాపెస్ట్‌ల ఎండ్రె మెస్టర్ అనే డాక్టర్ ఎలుకల వీపు గొరిగి రూబీ లేజర్ పెట్టిండు. క్యాన్సర్ వస్తదేమో చూద్దామనుకుంటే, వెలుగు పడ్డకాడ వెంట్రుకలు జల్ది మొలిచినయి. అక్కడ మొదలైంది ఈ వైద్యం. చిగురుకు గట్టిదనమిచ్చే కొలాజెన్ అనే ప్రోటీన్‌ను తయారుచేసే కణాలు ఫైబ్రోబ్లాస్టులు. వాటి మైటోకాండ్రియాల, అంటే కణానికి శక్తి తయారుచేసే భాగాలల్ల, సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఎర్ర వెలుగును, ఇన్‌ఫ్రారెడ్‌ను పట్టుకుంటది. దాంతోని కణానికి ఇంధనం లెక్క ఉండే ఏటీపీ పెరిగి కణానికి పనిచేసే బలం వస్తదని ఎక్కువమంది ఒప్పుకునే లెక్క.

ఇగో, ఈ మిషన్ చూడుండ్రి. 100 మిల్లీవాట్లు, అంటే సెకనుకు 0.1 జౌల్ శక్తి. దీని మొన అర చదరపు సెంటీమీటర్. చదరపు సెంటీమీటర్‌కు 4 జౌళ్లు ఇయ్యాలనుకుంటే, ఈ జాగకు 2 జౌళ్లు పడాలె. 2ను 0.1తోని భాగిస్తే 20 సెకన్లు. మొన ఒక చదరపు సెంటీమీటరైతే 40 సెకన్లు. మొనను గాయానికి దూరం పట్టుకుంటే వెలుగు చెదిరిపోతది, లెక్క తప్పుతది. రక్తం కూడ వెలుగును మింగుతది, అందుకే గాజ్‌తోని మంచిగ తుడిచినంకనే పెట్టాలె.

ఎక్కువసేపు పెడితే ఎక్కువ మేలు అనుకోవద్దు. మన బత్తాయి తోటనే చూడుండ్రి. నీళ్లు తక్కువైతే పిందె రాలుతది, ఎక్కువైతే వేరు కుళ్లుతది. కణం కూడ అంతే, డోస్ మితిమీరితే పెరుగుడు ఆగుతది. ల్యాబుల పెంచిన కణాల మీద ఫలితాలు బాగనే కనిపిస్తయి గని, పేషెంట్ల దగ్గరికి వచ్చేసరికి ఒక్కోసారి అంతంతే. ఒక్కొక్కరు ఒక్కో డోస్ వాడుడు దానికొక కారణం.

మిషన్ ఆన్ చేసే ముందు పేషెంటుకు, మీకు, మీ అసిస్టెంటుకు ఆ లేజర్ వేవ్‌లెంగ్త్‌కు (వెలుగు తరంగం పొడుగుకు) సరిపోయే కళ్లద్దాలు ఉండాలె. నల్ల కూలింగ్ గ్లాసులు పనికిరావు. గుట్కా, అంబర్ నమిలేటోళ్ల నోట్ల తెల్లమచ్చ గాని, మానని పుండు గాని కనిపిస్తే లైటు జోలికే పోవద్దు, ముందు బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి క్యాన్సరా కాదా అని పరీక్ష. గార ఉన్న పండ్లకు ముందు క్లీనింగ్. గార అట్లనే ఉంచి లైటు పెడితే పేషెంటు పైసలు దండుగ.

దేవరకొండ దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మకు నేను దవడ పన్ను పీకిన. "బిడ్డా, ఇంకింత సేపు పెట్టు, జల్ది ఆరాలె" అన్నది. సరే అని ఆమె కోసం చానాసేపు పట్టుకున్న. ఏడో రోజు వస్తే గాయం ఇంకా పచ్చిగనే ఉన్నది. లైటు ఎక్కువైందా, ఆమెకున్న షుగరా? ఎన్ని సెకన్లు పెట్టిన్నో కేస్ షీట్ల రాయలే, అందుకే ఇయ్యాల్టికీ చెప్పలేను. ఆ పెద్దమ్మ నోట్ల గాయం ఆరేదాక నాకు మనసున పట్టలే.

ఇగో, ఇది ఇప్పటి నా కేస్ షీటు. వేవ్‌లెంగ్త్, మిల్లీవాట్లు, మొన సైజు, సెకన్లు, ఎన్ని చోట్ల పెట్టిన. ఐదు గళ్లు. మీరూ గీసుకోండి.