తగ్గింది సరే, దేనివల్ల తగ్గింది?

అందరికీ నమస్కారం.

కుంగుబాటుతో కౌన్సెలింగ్‌కు వెళ్లిన మనిషి మూడు నెలలకు తేరుకుంటే, అది కౌన్సెలింగ్ వల్లే అనుకుంటాం. తొందరపడకూడదు. కుంగుబాటు హెచ్చుతూ తగ్గుతూ సాగే జబ్బు. జనం వైద్యానికి వచ్చేదే బాధ బాగా ముదిరాక. అక్కడి నుంచి కొంత దానంతటదే దిగుతుంది. ఆందోళన, కుంగుబాటు వంటి సమస్యలున్నవారిలో (అప్పట్లో వీటిని న్యూరోసిస్ అనేవారు) చికిత్స లేకుండానే మూడింట రెండొంతుల మంది రెండేళ్లలో కోలుకుంటున్నారని 1952లో హాన్స్ ఐసెంక్ అనే సైకాలజిస్టు వాదించాడు. ఆయన లెక్కలను తర్వాతివాళ్లు గట్టిగానే తప్పుపట్టారు. కానీ ఆయన వేసిన ప్రశ్న సరైనది. పోల్చిచూడటానికి మరో గుంపు లేనిదే ఏ చికిత్స గురించీ ఏమీ తేల్చలేం.

గోవాలో మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ బృందం చేసి, 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనం చూడండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన రోగులను కుంగుబాటు తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళితో పరీక్షించారు. గత రెండు వారాల నిద్ర, ఆకలి, నీరసం, ఆసక్తి వంటివాటిపై తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. 15 లేదా అంతకు మించి వచ్చిన 495 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. రెండు గుంపుల్లోనూ డాక్టరుకు ఆ స్కోరు తెలియజేశారు. ఒక గుంపుకు మాత్రం అదనంగా వారానికోసారి, 30-40 నిమిషాల చొప్పున, ఆరు నుంచి ఎనిమిది కౌన్సెలింగ్ సెషన్లు. చేసినవాళ్లు సైకాలజిస్టులు కారు, శిక్షణ పొందిన స్థానికులు.

ఆ సెషన్లలో ప్రధానంగా చేసింది బిహేవియరల్ యాక్టివేషన్. మనసు బాగోలేక మనిషి పనులు మానేస్తాడు. మానేసినకొద్దీ వాటివల్ల దొరికే తృప్తి, పలకరింపులు పోతాయి. మనసు ఇంకా కుంగుతుంది. ఈ చక్రాన్ని పని వైపు నుంచి తెంపుతారు. ముందు ఏ పూట ఏం చేశారో, అప్పుడు మనసెలా ఉందో రాయిస్తారు. తర్వాత ఒక చిన్న పనికి రోజు, వేళ, తోడు అన్నీ నిర్ణయిస్తారు. "రోజూ నడవండి" అంటే జరగదు. "రేపు సాయంత్రం ఆరింటికి మీ చెల్లెలితో కలిసి గుడిదాకా" అంటే జరిగే అవకాశముంది. జరక్కపోతే మందలించకూడదు. పని పెద్దదైందా, ఇంట్లో ఏదైనా చిక్కు అడ్డొచ్చిందా అని వెతకాలి. ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే: కౌన్సెలర్ వెతకడం మాని ఉపదేశంలోకి దిగుతాడు. అందుకే గోవాలో సెషన్లను రికార్డు చేసి, కౌన్సెలర్లే ఒకరి పనికి ఒకరు మార్కులు వేసుకునేవారు.

మూడు నెలలకు రోగుల స్కోరు మళ్లీ కొలిచినవారికి ఎవరు ఏ గుంపో తెలియదు. మాటలతో చేసే చికిత్సలో రోగికీ కౌన్సెలర్‌కూ గుట్టు దాచలేం. కొలిచేవారి దగ్గరైనా దాచాలి. మధ్యలో మానేసినవారిని లెక్కలోంచి తీసేయలేదు. సెషన్లు అందుకున్నవారిలో 64 శాతం కోలుకున్నారు, రెండో గుంపులో 39 శాతం. ఆ 39ని దయచేసి గుర్తుంచుకోండి. పోలిక లేకపోతే అదంతా చికిత్స ఖాతాలోనే పడేది. అసలు ఫలితం 25 శాతం తేడా: నలుగురికి చికిత్స చేస్తే, మామూలుగా కోలుకునేవారికి అదనంగా ఒకరు. నా దృష్టిలో ఇది చాలా మంచి ఫలితం.

అన్ని అధ్యయనాలనూ ఇంతగా నమ్మలేం. వెయిటింగ్ లిస్టులో ఉంచినవారితో పోలిస్తే చికిత్స ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. ఫలితం రాని అధ్యయనాలు చాలాసార్లు అచ్చుకే రావు. అమెరికా ప్రభుత్వ నిధులతో కుంగుబాటు చికిత్సలపై జరిగిన పరిశోధనల్లో అచ్చుకాని వాటిని 2015లో వెతికి పట్టి కలిపితే, సగటు ప్రభావం నాలుగో వంతు తగ్గింది.

చెడు చేసేవీ ఉన్నాయి. ప్రమాదం జరిగిన కొద్దిరోజులకే బాధితులతో ఒకే విడతలో జరిగినదంతా చెప్పించే డీబ్రీఫింగ్ ఒకప్పుడు విరివిగా చేసేవారు. బ్రిటన్‌లో కాలిన గాయాల బాధితులపై 1997లో వెలువడిన అధ్యయనంలో, 13 నెలల తర్వాత పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తాలూకు భయం, జ్ఞాపకాలు వదలక వేధించే జబ్బు) ఉన్నవారు డీబ్రీఫింగ్ పొందిన గుంపులో 26 శాతం, పొందని గుంపులో 9 శాతం. మొదట్లోనే డీబ్రీఫింగ్ గుంపువారి గాయాలు కాస్త తీవ్రంగా ఉన్నాయి కాబట్టి తేడా మొత్తాన్ని డీబ్రీఫింగ్ మీదే వేయలేం. అయితే మేలు చేసిందన్న రుజువు తర్వాతి అధ్యయనాల్లోనూ దొరకలేదు. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు ఇప్పుడు దాన్ని చేయవద్దనే చెబుతున్నాయి.