పదహారేళ్ల ఫోర్‌హ్యాండ్

(దసరా సెలవుల టెన్నిస్ శిబిరం ముగింపు రోజున, విజయవాడలో, పిల్లలూ వాళ్ల తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

నేను కోచ్‌ని కాదు, ఆటగాణ్ణీ కాదు. సిమెంటు కోర్టు మీద రెండేళ్లు ఆడి, మోకాలు చెప్పిన మాట విని మానేసినవాణ్ణి. ముప్పై ఏళ్లకు పైగా ఒక దినపత్రికలో స్పోర్ట్స్ డెస్కు మీద కూర్చున్నాను. అంటే ఈ ఆటలో పిల్లలు పైకి రావడం నేను చూసింది కోర్టు పక్కన నిలబడి కాదు, వార్తలు టైపై వచ్చే టెలిప్రింటర్ పక్కన కూర్చుని. నన్ను పిలిచిన కోచ్ గారు "మహిళల టెన్నిస్‌లో చిన్న వయసులోనే దూసుకొచ్చిన పవర్ ప్లేయర్ల గురించి చెప్పండి, పిల్లలకు ఊపొస్తుంది" అన్నారు. ఊపు తప్పకుండా వస్తుంది. దాంతోపాటు పెద్దవాళ్లకు కాస్త టెన్షన్ కూడా వస్తే నన్ను తిట్టుకోకండి.

1990 జూన్ 9, శనివారం రాత్రి. ముందు రోజే ఇటలీలో ఫుట్‌బాల్ వరల్డ్ కప్ మొదలైంది. మొదటి మ్యాచ్‌లోనే కామెరూన్ వెళ్లి మారడోనా జట్టును 1-0తో ఓడించింది. ఇక మా పేజీలో ఫుట్‌బాల్ తప్ప ఇంకోదానికి చోటెక్కడిది? ఆ ఇరుకులోనే పారిస్ నుంచి వార్త వచ్చింది. ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో అప్పటి ప్రపంచ నంబర్ వన్ స్టెఫీ గ్రాఫ్ ఓడిపోయింది. గెలిచింది మోనికా సెలెస్, యుగోస్లావియా అమ్మాయి, వయసు 16. మొదటి సెట్ 6-6 దగ్గర సమమై టైబ్రేక్‌కు వెళితే, అందులో 2-6తో వెనకబడి, ఒక్కటి పోయినా సెట్ పోయే నాలుగు సెట్ పాయింట్లు కాచుకుని 8-6తో లాక్కుంది. రెండో సెట్ 6-4. అంతకుముందు సెమీఫైనల్లో ఈ పదహారేళ్ల పిల్ల చేతిలో ఓడిన అమెరికా అమ్మాయి జెన్నిఫర్ కాప్రియాటికి 14 ఏళ్లు. ఆ 14 చూసి టెలిప్రింటర్ ఏదో తప్పు కొట్టిందనుకున్నాను. డెస్కులో అప్పటికి నేను కొత్త.

ఆ రాత్రి మాకు వచ్చిన పేచీ ఏమిటంటే, వీళ్లని ఏమని రాయాలి? అప్పట్లో పెళ్లికాని క్రీడాకారిణుల పేరు ముందు "కుమారి" అని పెట్టేవాళ్లం. పద్నాలుగేళ్ల పిల్లకి కుమారి ఏమిటి, "బాలిక" అనాలని ఒకరు. గ్రాఫ్‌ని ఓడించే వరస మీద ఉన్నవాళ్లను పట్టుకుని బాలిక ఏమిటని ఇంకొకరు. చివరికి ఎవరికీ నొప్పి లేకుండా "టీనేజ్ సంచలనం" అని శీర్షిక పెట్టి పేజీ వదిలేశాం. ఆ మాట తర్వాత పాతికేళ్లు మమ్మల్ని వదల్లేదు. హింగిస్ వచ్చినా సంచలనమే, వీనస్ వచ్చినా సంచలనమే, షరపోవా వచ్చినా సంచలనమే. తయారుగా ఉన్న అచ్చు, పేరు మార్చి దింపేయడమే.

ఇప్పుడు పిల్లలు కాస్త దగ్గరికి జరగండి. ఆ బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబుతాను. బలం అంటే కండ అనుకుంటాం. 16 ఏళ్ల సెలెస్ సన్నగా, పుల్లలా ఉండేది. ఆడే చేతివైపు కొట్టే ఫోర్‌హ్యాండ్, రెండోవైపు కొట్టే బ్యాక్‌హ్యాండ్, రెండూ రెండు చేతులతోనే కొట్టేది. కోర్టు చివరి గీత, బేస్‌లైన్, వెనక నిలబడి బంతి కోసం ఎదురుచూసేది కాదు, లోపలికి వచ్చి నిలబడేది. నేల మీద పడ్డ బంతి ఇంకా పైకి లేస్తుండగానే కొట్టేసేది. దాంతో రెండు పనులయ్యేవి. ఎదుటివాళ్లు కొట్టిన వేగమే తిరిగి వాళ్ల మీదికి వెళ్లేది. పైగా వాళ్లు తమ చోటికి తిరిగి వచ్చేలోపే బంతి వచ్చి పడేది. వాళ్ల నాన్న వృత్తిరీత్యా కార్టూనిస్టు. కూతురు సరదాగా కొట్టాలని బంతుల మీద బొమ్మలు వేసి ఇచ్చేవాడట. నాకు ఆ కథలో అన్నిటికన్నా నచ్చేది అదే.

రెండోది, మీరంతా "బ్యాట్" అంటారే, ఆ రాకెట్. చెక్క రాకెట్ల కాలంలో తల చిన్నది. బంతి సరిగ్గా నడిమధ్యన తగలకపోతే మణికట్టు జివ్వుమనేది. దాంతో గట్టిగా కొట్టాలంటే ముందు ఆ మధ్య చోటు పట్టుకోవడం రావాలి, అందుకు ఏళ్లు పట్టేది. 1976లో ప్రిన్స్ కంపెనీ పెద్ద తల రాకెట్ తెచ్చింది. చూసినవాళ్లు నవ్వారు. రెండేళ్లకు, 1978 యూఎస్ ఓపెన్‌లో, పామ్ ష్రైవర్ అనే 16 ఏళ్ల అమ్మాయి ఆ రాకెట్‌తోనే సెమీస్‌లో నవ్రతిలోవాను ఓడించి ఫైనల్‌కు వెళ్లింది. క్రిస్ ఎవర్ట్ చేతిలో ఓడింది గానీ, నవ్విన నోళ్లు మూతపడ్డాయి. తర్వాత గ్రాఫైట్ వచ్చింది. తేలిగ్గా ఉంటుంది, వంగదు. ఇంక పన్నెండేళ్ల పిల్ల కూడా నడుము తిప్పి, భుజం తిప్పి, భయం లేకుండా బంతిని బాదగలదు. పెద్దవాళ్లకీ పిల్లలకీ మధ్య ఉన్న తేడాలో సగం ఆ రాకెట్ మింగేసింది.

కానీ రాకెట్ మారింది, ఎముక మారలేదు. తల్లిదండ్రులు వినాల్సింది ఇక్కణ్ణుంచి.

1979లో ట్రేసీ ఆస్టిన్ 16 ఏళ్లకే యూఎస్ ఓపెన్ గెలిచింది. నడుము నొప్పులు మొదలై, 21 నిండేసరికి ఆట దాదాపు ఆగిపోయింది. ఆండ్రియా జేగర్ 18 ఏళ్లకు వింబుల్డన్ ఫైనల్ ఆడింది, తర్వాతి ఏడాదే భుజం పోయింది. అప్పుడు అందరూ దురదృష్టం అన్నారు. తర్వాత కాప్రియాటి వచ్చింది. 14వ పుట్టినరోజు ఇంకా రాకముందే, 1990 మార్చిలో ప్రొఫెషనల్ అయింది. మొదటి టోర్నీలోనే ఫైనల్. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో గ్రాఫ్‌ను ఓడించి బంగారు పతకం, అప్పటికి 16. ఇక్కడివరకూ అన్నీ మేం పెద్ద అక్షరాల్లో వేసిన వార్తలే. 1993లో ఆట వదిలేసింది. 1994లో గంజాయి కేసులో పోలీసులు పట్టుకున్నారు. ఆ వార్త కూడా వేశాం. పట్టుకెళ్లేటప్పుడు తీసిన ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఆ పిల్లకి అప్పటికి 18 ఏళ్లు. ఆ ఫొటో మా పత్రికలో పెట్టకుండా ఉండాల్సిందని నేను ఇప్పుడు అంటాను. ఆ రోజు అనలేదు.

సెలెస్ సంగతి వేరు. 19 ఏళ్లకే ఎనిమిది గ్రాండ్‌స్లామ్‌లు, అంటే ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్, వింబుల్డన్, యూఎస్ అనే నాలుగు పెద్ద టోర్నీల టైటిళ్లు. 1993 ఏప్రిల్ 30న హాంబర్గ్‌లో, కోర్టు మార్పు విరామంలో కుర్చీలో కూర్చుని ఉండగా, గ్రాఫ్ అభిమాని ఒకడు వెనక నుంచి వచ్చి కత్తితో పొడిచాడు. రెండేళ్లకు పైగా ఆటకు దూరం. తిరిగొచ్చి 1996 ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది, ఆ తర్వాత ఇంకో గ్రాండ్‌స్లామ్ రాలేదు. దానికి ఎవరి శిక్షణనూ తప్పుపట్టలేం.

కాప్రియాటి దెబ్బతో మహిళల టెన్నిస్ సంఘం డబ్ల్యూటీఏ మేలుకుంది. 1995 నుంచి వయసు నిబంధన పెట్టింది. 14 నిండనిదే ప్రొఫెషనల్ టోర్నీల్లోకి రాకూడదు. 14 నుంచి 18 వరకు ఏడాదికి ఇన్ని టోర్నీలే అని లెక్క, వయసు పెరిగేకొద్దీ ఆ లెక్క పెరుగుతుంది. 18 నిండాక మీ ఇష్టం. నన్నడిగితే గ్రాఫైట్ కంటే, రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ కంటే ఈ ఆటను ఎక్కువ మార్చింది ఈ నిబంధనే. దాని మీద మేం వేసింది రెండు పేరాల వార్త.

తమాషా ఏమిటంటే, తలుపు మూయబోతున్నారని తెలిసి 1994 అక్టోబర్‌లోనే ఇద్దరు 14 ఏళ్ల అమ్మాయిలు లోపలికి దూరారు. ఒకరు మార్టినా హింగిస్. ఇంకొకరు వీనస్ విలియమ్స్. వీనస్ తన రెండో మ్యాచ్‌లోనే అప్పటి నంబర్ 2 సాంచెజ్ మీద మొదటి సెట్ గెలిచి, రెండో సెట్‌లో 3-1 ఆధిక్యంలోకి వెళ్లి, అక్కణ్ణుంచి ఒక్క గేమ్ గెలవకుండా ఓడిపోయింది. ఆ స్కోరు కొట్టేటప్పుడు నాకు నవ్వొచ్చింది. ఎంత బలం ఉన్నా పద్నాలుగు పద్నాలుగే.

హింగిస్‌ది అసలు పవర్ గేమే కాదు. చదరంగం ఆడినట్టు ఆడేది. 1997లో 16 ఏళ్లకే ప్రపంచ నంబర్ వన్, ఆ వయసుకి ఆ ర్యాంకు ఇప్పటికీ ఇంకెవరికీ రాలేదు. ఆ ఏడాది యూఎస్ ఓపెన్ ఫైనల్లో వీనస్‌ను 6-0, 6-4తో ఓడించింది. సరిగ్గా రెండేళ్లకు అదే కోర్టులో వీనస్ చెల్లెలు సెరీనా, 18 నిండటానికి ఇంకా రెండు వారాలుండగా, హింగిస్‌ను ఓడించి కప్పు తీసుకుపోయింది. అక్కడితో ఎత్తుగడల కాలం పోయి సర్వీసు కాలం వచ్చింది. విలియమ్స్ అక్కాచెల్లెళ్ల నాన్న రిచర్డ్ ఏం చేశాడో గుర్తుపెట్టుకోండి. కాలిఫోర్నియాలోని కాంప్టన్‌లో మున్సిపల్ కోర్టుల మీద ఆట నేర్పాడు, బాగా గెలుస్తున్న రోజుల్లోనే జూనియర్ టోర్నీలు మాన్పించాడు. ఆయన మాటలు చాలావరకు గొప్పలని అందరూ అనుకునేవాళ్లు, మేమూ అనుకున్నాం. ఆయన చేసినవన్నీ ఒప్పని నేను అనను. కానీ లెక్క చూడండి. సెరీనా 23 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచింది, చివరిది 35 ఏళ్ల వయసులో. వీనస్ 2007లో యూఎస్ ఓపెన్‌లో గంటకు 129 మైళ్ల సర్వీస్ కొట్టేనాటికి ఆమెకు 27 ఏళ్లు. చిన్నప్పుడు దాచుకున్న భుజం అది.

దాచుకున్నా ఒక్కోసారి దక్కదు. షరపోవా 2004లో 17 ఏళ్లకు సెరీనాను 6-1, 6-4తో ఓడించి వింబుల్డన్ గెలిచింది. 2008లో భుజానికి ఆపరేషన్. ఆ తర్వాత ఆమె సర్వీస్ చూస్తే డబుల్ ఫాల్టుల లెక్కే, అంటే రెండు సర్వీసులూ తప్పి పాయింటు పోగొట్టుకున్న లెక్కే, ఎక్కువ కనిపించేది. అయినా ఫ్రెంచ్ ఓపెన్ రెండుసార్లు గెలిచిందంటే అది మొండితనం.

మన హైదరాబాద్ అమ్మాయి గురించి చెప్పకుండా వెళితే మీరు ఊరుకోరు. 2005 జనవరిలో, 18 ఏళ్ల సానియా మీర్జా ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండుకు వెళ్లి సెరీనా చేతిలో ఓడింది. రెండో సెట్‌లో నాలుగు గేములు గెలిచింది. మరుసటి నెల హైదరాబాద్‌లోనే మొదటి డబ్ల్యూటీఏ టైటిల్. ఆ ఏడాది యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండు. ఆ ఫోర్‌హ్యాండ్‌కి మణికట్టుతో ఒక విదిలింపు ఉండేది. బంతి ఎటు పోతుందో చివరి క్షణం వరకు తెలిసేది కాదు. 2007లో 27వ ర్యాంకు. 2008లో అదే మణికట్టుకు ఆపరేషన్. ఏ కీలు మీద ఆట నిలబడిందో ఆ కీలే మొరాయించింది. తర్వాత సింగిల్స్ వదిలి డబుల్స్‌కు వెళ్లింది. అక్కడ ఆమె పక్కన నిలబడింది ఎవరు? పవర్ దెబ్బకు, చీలమండ నొప్పులకు 22 ఏళ్లకే ఒకసారి రిటైరైన ఆ హింగిస్. నెట్ దగ్గర హింగిస్ బుర్ర, వెనక సానియా ఫోర్‌హ్యాండ్. 2015లో వింబుల్డన్, యూఎస్ ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్, వరసగా 41 మ్యాచులు. సెరీనా కాలంలో ఓడిపోయిన రెండు ఆటలు కలిసి ఒక గెలిచే ఆట అయ్యాయని మా డెస్కులో ఒక కుర్రాడు అన్నాడు. శీర్షికకు పొడవైపోయిందని వాడలేదు.

ఇప్పటివాళ్ల దగ్గరికి వస్తాను. కోకో గాఫ్ 15 ఏళ్లకు 2019 వింబుల్డన్‌లో వీనస్‌ను ఓడించింది. మర్నాటి నుంచి వయసు నిబంధన తీసేయాలని గోల. తీసేయలేదు. ఆ లెక్క ప్రకారమే ఆడుతూ పెరిగి 2023 యూఎస్ ఓపెన్, 2025 ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది. రెండు ఫైనల్స్‌లోనూ ఎదుట ఉన్నది సబలెంకా, మొదటి సెట్ గెలిచి కూడా ఓడింది. సైబీరియాలో పుట్టిన మీరా ఆంద్రేవా 17 ఏళ్లకే 2025లో దుబాయ్, వెంటనే ఇండియన్ వెల్స్ గెలిచింది. కప్పు అందుకుంటూ అందరికీ థాంక్స్ చెప్పి, చివర్లో తనకు తనే థాంక్స్ చెప్పుకుంది. ఆ పిల్ల మాట విని హాయిగా నవ్వుకున్నాను. అదే ఏడాది ఆగస్టులో కెనడాకు చెందిన విక్టోరియా ఎంబోకో, 18 ఏళ్లు, నిర్వాహకుల ఆహ్వానం మీద దొరికే వైల్డ్ కార్డుతో మాంట్రియల్ టోర్నీలోకి వచ్చి కెనిన్, గాఫ్, రిబాకినా, ఒసాకా, నలుగురు గ్రాండ్‌స్లామ్ విజేతల్ని ఆ ఒక్క టోర్నీలోనే పడగొట్టింది. ఏడాది మొదట్లో ఆమె ర్యాంకు 300 అవతల.

వీళ్లందరికన్నా నేను ఎక్కువగా చూసేది అమండా అనిసిమోవాను. 17 ఏళ్లకు, 2019లో, ఫ్రెంచ్ ఓపెన్ సెమీస్ ఆడింది. అప్పటి బ్యాక్‌హ్యాండ్ చూసినవాళ్లకు సెలెస్ గుర్తొచ్చేది. ఆ వేసవిలోనే నాన్న చనిపోయాడు. 2023లో మనసు బాగాలేదని చెప్పి రాకెట్ పక్కన పెట్టేసింది. కొన్ని నెలల పాటు అసలు ఆడలేదు. ఇంత గ్యాప్ తీసుకుంటే మళ్లీ పైకి రావడం కల్ల అన్నారు చాలామంది. 2024లో తిరిగొస్తే వింబుల్డన్‌కు అర్హత కూడా దొరకలేదు. 2025లో అదే వింబుల్డన్ ఫైనల్. ఆ ఫైనల్లో పోలండ్ అమ్మాయి ఇగా స్వియాటెక్ చేతిలో 6-0, 6-0 ఓటమి. ఒక్క గేమ్ కూడా లేదు. రెండు నెలల్లోపే యూఎస్ ఓపెన్ క్వార్టర్స్‌లో అదే స్వియాటెక్‌ను వరస సెట్లలో ఓడించి, మళ్లీ ఫైనల్ ఆడింది. ఓడిపోయింది లెండి. కాప్రియాటి కూడా ఇలాగే తిరిగొచ్చి మూడు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచి నంబర్ వన్ అయింది. కాకపోతే ఆమె కాలంలో "నాకు అలసటగా ఉంది" అనడానికి మాట లేదు, అంటే వినే చెవి లేదు.

ప్రసంగానికి ముందు ఒక నాన్నగారు నన్ను పక్కకు పిలిచి అడిగారు. వాళ్ల అమ్మాయికి పదకొండేళ్లు. సర్వీస్ అదిరిపోతోందట, వారానికి ఆరు రోజులు ప్రాక్టీసు, ఆదివారం మ్యాచులు. "ఇంకేం చేయించమంటారు సార్?" అన్నారు. ఏం మాన్పించమంటారని ఆయన అడగలేదు. నాకు కోచింగ్ తెలియదు కాబట్టి జవాబు చెప్పలేదు. బదులుగా ఆ అమ్మాయిని అడిగాను, ఈ వారంలో నీకు బాగా నచ్చిన షాట్ ఏదమ్మా అని. చాలాసేపు ఆలోచించింది. తర్వాత, బుధవారం నాడు నెట్‌కు తగిలి అటువైపు పడిపోయిన బంతి గురించి చెప్పి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

నేను చెప్పదలచుకున్నది అయిపోయింది. ఇక ప్రశ్నలు. ముందు పిల్లలు అడగండి. పెద్దవాళ్లు తర్వాత.