ఎపిసోడ్ 31: పదకొండో నంబరు

అక్క: రికార్డవుతోందా?

తమ్ముడు: అవుతోంది. ఫ్యాన్ కూడా ఆపేశాను.

అక్క: హమ్మయ్య. నమస్కారమండీ. ఇవాళ చెప్తామన్నది సైన్స్ ఫిలాసఫీ, జ్ఞానమీమాంసల్లో అధ్యాపక జీవితం ఎలా ఉంటుందని. జ్ఞానమీమాంసంటే, తెలియడమంటే ఏమిటి, ఎలా తెలుస్తుంది అని వెతికే శాస్త్రం.

తమ్ముడు: గాజువాక అమ్మాయి మళ్లీ రాసిందక్కా. ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయ్యాక ఇటు రావొచ్చా అని.

అక్క: రామ్మా. ఫిజిక్స్ చేత్తో చేసినవాళ్లు ఇటు రావాలి. సైన్స్ ఫిలాసఫీలో పెద్ద పేరైన థామస్ కూన్ పీహెచ్‌డీ ఫిజిక్స్‌లోనే, 1949లో. ముందు ఫిలాసఫీలో ఎంఏ చెయ్యి, తర్వాత లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ రాయి. అందులో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకి 37 వేలు, చదువుకోడానికి సరిపోతాయి. కష్టమంతా ఆ తర్వాతే. పోస్టులు తక్కువ. నేనింకా కాంట్రాక్టు మీదే చెప్తున్నాను. అయినా పొద్దున్నే క్లాసుకెళ్లి, "నీకు తెలుసని నీకెలా తెలుసు?" అనడిగితే పిల్లలు ఒక్క క్షణం ఆగిపోతారు చూడు, ఆ క్షణం కోసం వెళ్తాను.

తమ్ముడు: నాలుగో చాప్టరు సంగతి చెప్పవా?

అక్క: ఇప్పుడెందుకురా?

తమ్ముడు: ఆ అమ్మాయికి తెలియాలి కదా.

అక్క: నా థీసిస్‌లో నాలుగో చాప్టరు శబ్దప్రమాణం మీద. ప్రమాణమంటే జ్ఞానం కలిగే దారి, శబ్దమంటే ఇక్కడ మాట. ఇంకొకరి మాట వల్ల మనకి జ్ఞానం కలుగుతుందా, కేవలం నమ్మకమేనా అని. అది సైన్స్ ఫిలాసఫీ కాదు, తీసెయ్యమన్నారు. ఎవరన్నారో వద్దులే. తీసేశాను. ఏళ్లు గడిచినా ఆ బాధ పోలేదు.

తమ్ముడు: సైన్సంటే ఎవరి మాటా నమ్మకుండా స్వయంగా చూడ్డం కదా మరి.

అక్క: లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ నినాదమే అది. 1690లో ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ కూడా, ఇతరుల అభిప్రాయాలు మన బుర్రలో ఎన్ని తేలుతున్నా మన తెలివి ఇసుమంతైనా పెరగదన్నాడు. కానీ ఏ శాస్త్రవేత్త అన్నీ స్వయంగా చూశాడ్రా? పక్క ల్యాబు కొలత నమ్మకపోతే తన ల్యాబే నడవదు. 1992లో కోడీ అనే తత్వవేత్త దీనిమీద ఏకంగా పుస్తకమే రాశాడు. మన ఆంధ్రా యూనివర్సిటీలో పాఠం చెప్పిన కొత్త సచ్చిదానంద మూర్తిగారు 1959లోనే అద్వైతంలో శ్రుతికీ, అంటే వేదం మాటకీ, తర్కానికీ ఉన్న సంబంధం మీద రాశారు. ఇది పక్కన పెట్టాల్సిన విషయమా?

తమ్ముడు: అందుకే నేను పదకొండో నంబరంటాను.

అక్క: మొదలెట్టావా!

తమ్ముడు: కాదక్కా, విను. పోర్టులో ఒకటి నుంచి పది దాకా హెచ్చరికలు తుపాను గురించి. పదకొండు మాత్రం, హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. ఏమీ తెలియట్లేదన్నదే అన్నిటికన్నా పెద్ద నంబరు. నీ శబ్దప్రమాణం ఆగిపోతే మిగిలేది అదే.

అక్క: హుద్‌హుద్ తుపాను రోజు మనకి ఆగలేదు కదరా.

తమ్ముడు: తాత మాటా?

అక్క: ఆ. 2014 అక్టోబరు 12, మధ్యాహ్నం. గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, కైలాసగిరి రాడార్ కూడా మూగబోయింది. నాన్న సుత్తీ మేకులూ పట్టుకుని రేకు సరిచేద్దామని డాబా ఎక్కారు. గోడ మీద తడిసిన కాకి ఒకటి ఎగరకుండా అలాగే కూర్చుంది. నా పెదాల మీద ఉప్పు.

తమ్ముడు: అప్పుడు పక్కింటి జాలారిపేట తాత...

అక్క: "ఇది తుపాను కన్నురా, నడిమి. సగవే అయ్యింది. ఎదురు గాలొస్తాది, లోనికి పదండి" అన్నాడు. కాసేపటికే ఎదురు దిక్కు నుంచి గాలి. ఆ రేకు మళ్లీ మాకు కనిపించలేదు. తాతకి తెలుసురా. ఆయన మాట వల్ల మనకీ తెలిసింది.

తమ్ముడు: నేనొప్పుకోను. తాత ముందెప్పుడూ అబద్ధమాడలేదు, సముద్రమెరిగినవాడు, కాబట్టి ఇదీ నిజమై ఉంటుందని మనం ఊహించాం. అంటే అది శాస్త్రంలో చెప్పే అనుమానమే, సందేహం కాదు, తెలిసినదాన్నుంచి తెలియనిదాన్ని ఊహించడం. వేరే ప్రమాణం కాదు.

అక్క: నువ్వు బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడివైపోయావురా! బౌద్ధులు సరిగ్గా అదే అన్నారు. సరే, ఆ క్షణంలో నువ్వా లెక్కలన్నీ వేశావా?

తమ్ముడు: లేదు. అమ్మ రెక్క పట్టుకుని లాగింది.

అక్క: మరి అమ్మ?

తమ్ముడు: అమ్మా వెయ్యలేదు. వినగానే లాగింది.

అక్క: అదే నైయాయికులు, అంటే న్యాయదర్శనం వాళ్లు, చెప్పింది. ఆప్తుడి ఉపదేశమే శబ్దం. ఆప్తుడంటే విషయం ఎరిగి, ఎరిగింది ఎరిగినట్టు చెప్పాలనుకునేవాడు. న్యాయసూత్రాలకి భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఇంకో మాట కూడా కలిపాడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానం అని. అంటే తెలిసినవాడెవడైనా ఆప్తుడే. అది మొదటిసారి చదివినప్పుడు లైబ్రరీలో కళ్లనీళ్లు తిరిగాయి నాకు. డిగ్రీలేని తాతకి ఆ శాస్త్రంలో చోటుంది. నా థీసిస్‌లో దొరకలేదు.

తమ్ముడు: (కాసేపాగి) తాత పేరు రాశావా ఆ చాప్టర్లో?

అక్క: రాశాను. కింద, చిన్నక్షరాల్లో.

తమ్ముడు: నాకెప్పుడూ చెప్పలేదు.

అక్క: తీసేశాక ఏం చెప్పను?

తమ్ముడు: ఉందా ఇంకా? ఆ కాయితాలు?

అక్క: అటక మీద, ట్రంకు పెట్టెలో.

తమ్ముడు: ఇప్పుడు తీద్దాం. వచ్చేసారి చదువుదాం. కానీ అక్కా, ఒకటి మిగిలిపోయింది. తాతకి ఎవరు చెప్పారు?

అక్క: వాళ్ల నాన్నట. పడవ మీద.

తమ్ముడు: ఆయనకి?

అక్క: ఏమోరా...

తమ్ముడు: చూశావా, ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు స్వయంగా చూసుండాలి. అక్కడ మళ్లీ నా పదకొండో నంబరే...

అక్క: ఉండు, అమ్మ పిలుస్తోంది. ఆ పెట్టె ఒక్కడివే దింపకు, స్టూలు ఊగుతుంది. అమ్మా, వస్తున్నాం!