అద్దం వెనక ప్యాకెట్

శ్రోతలకు నమస్కారం.

పోయిన నెల హన్మకొండలో ఒక కాలేజీకి పోషకాహారం గురించి మాట్లాడటానికి వెళ్లాను. ప్రసంగం అయిపోయి బయటికొస్తుంటే ఒక అమ్మాయి వెంట వచ్చింది. "మేడం, రాగులు తినండి, జొన్నలు తినండి అన్నారు, బాగానే ఉంది. రాత్రి పదకొండింటికి హాస్టల్లో ఆకలైతే మాకు దొరికేది ఆ మెషినొక్కటే. అందులో ఏం తినాలో చెప్పండి" అంది. నా దగ్గర జవాబు లేదు. చూద్దాం పద అని ఇద్దరం మెట్ల కింద ఉన్న వెండింగ్ మెషిన్ ముందు నిలబడ్డాం.

నిలబడితే తెలిసిందేమిటంటే, అక్కడ నేను చదువుకున్న చదువు పనికిరాదు. కిరాణా షాపులో అయితే ప్యాకెట్ తీసుకుని తిప్పి చూస్తాం, వద్దనుకుంటే మళ్లీ పెట్టేస్తాం. ఇక్కడ ముందు ఫోన్‌తో స్కాన్ చేసి డబ్బు కట్టాలి, ప్యాకెట్ కింద పడాలి, అప్పుడు గానీ దాని వీపు మనకు కనిపించదు. కంపెనీ చెప్పాలనుకున్నదంతా ముందు వైపు ఉంటుంది. చట్టం చెప్పించేది చాలావరకు వెనక వైపు ఉంటుంది. అద్దంలోంచి మనకు కనిపించేది ముందు వైపే.

సరే, డబ్బు పోతే పోయిందని నాలుగైదు రకాలు కొని, మెట్ల మీద కూర్చుని తిప్పి చూశాం.

మొదట కోలా. 100 మిల్లీలీటర్లకు 10 గ్రాములు దాటి చక్కెర. ఈ 100 లెక్కలోనే ఉంది కిటుకు. చేతిలో ఉన్నది 600 మిల్లీలీటర్ల సీసా, అంటే 60 గ్రాముల పైమాటే. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం చక్కెర రోజుకు 25 గ్రాములు దాటకూడదు. ఒక్క సీసాతో రెండు రోజుల కోటా దాటిపోయింది. ఆ అమ్మాయి పొద్దున చాయలో చక్కెర తగ్గించుకుంటోందట. పాపం అనిపించింది.

కోలా సంగతి అందరికీ తెలిసిందే, దానితో మోసం తక్కువ. నాకు భయం వేసేది పక్కనున్న పళ్ల రసం డబ్బాతో. మామిడిపండు బొమ్మ ఉన్న డ్రింకులో చక్కెర చాలాసార్లు కోలా కంటే ఎక్కువే ఉంటుంది. గాఢ రసంలో నీళ్లు కలిపి చేసిన వాటి మీద 'నూరు శాతం పళ్ల రసం' అని వేసుకోవద్దని 2024 జూన్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కంపెనీలకు చెప్పాల్సి వచ్చింది. ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మిన తీపి నీళ్ల కథ మీకు గుర్తుండే ఉంటుంది. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆ పేరు తీసేయమని ఆదేశం వచ్చింది. అంతవరకు విరేచనాలయ్యే పిల్లలకు కూడా వాటిని మందనుకుని పట్టించారు.

పరీక్షలప్పుడు ఎనర్జీ డ్రింకులు బాగా పోతాయని ఆ అమ్మాయి చెప్పింది. వాటిలో కెఫీన్ లీటరుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ లెక్కన 250 మిల్లీలీటర్ల డబ్బాలో 75 మిల్లీగ్రాములు, అంటే ఒక కప్పు ఇన్‌స్టంట్ కాఫీ కంటే కాస్త ఎక్కువ. కాబట్టి ఒక్క డబ్బాతో కెఫీన్ ముంచుకొచ్చి కొంపలంటుకోవు. రెండు, మూడు తాగితే మాట వేరు. రోజుకు 500 మిల్లీలీటర్లు మించవద్దని దాని మీదే రాసి ఉంటుంది, చీమ తలకాయంత అక్షరాల్లో.

ఇక చిరుతిళ్లు. మల్టీగ్రెయిన్ బిస్కెట్ ప్యాకెట్ మీద కంకులే కంకులు. వెనక పదార్థాల జాబితాలో మొదటి పేరు 'రిఫైన్డ్ వీట్ ఫ్లోర్', అంటే మన మైదాయే. ఏది ఎక్కువుంటే దాని పేరు ముందు రాయాలన్నది రూలు, కాబట్టి మొదటి మూడు పేర్లు చదివితే చాలు. మైదా, చక్కెర, పామోలీన్ అని వరుసగా ఉంటే ముందున్న కంకులు అలంకారమే. ఉప్పు లెక్క కొంచెం తిరకాసు. ప్యాకెట్ మీద ఉప్పు రాయరు, సోడియం రాస్తారు. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే దాదాపు ఒక గ్రాము ఉప్పు. రోజు మొత్తానికి మనకు 5 గ్రాములు చాలు.

మెషిన్‌లో ఇవే ఎందుకుంటాయి? అక్కడ పెట్టేది నెలల తరబడి పాడవకూడదు, స్ప్రింగ్ తిరిగితే చక్కగా కింద పడాలి, పడ్డా పగలకూడదు. ఆ పరీక్షలో నెగ్గేవి ఎండువి, వేయించినవి, తీపివి. మన గుడాలు, అంటే గుగ్గిళ్లు, పొద్దున ఉడికిస్తే సాయంత్రానికే వాసనొస్తాయి, వాటికి అందులో చోటెక్కడిది? సకినాలు పెడదాం మేడం అని అక్కడ చేరిన ఒక పిల్లాడు అన్నాడు. మనవే కదా అని మురిసిపోకండి, అవీ నూనెలో తేలినవే.

2020 రూల్స్ ప్రకారం బడిలోనూ, బడి గేటుకు 50 మీటర్ల లోపలా ఇలాంటివి అమ్మకూడదు. కాలేజీకి ఆ రూల్ లేదు. జంక్ ఫుడ్ వద్దంటూ యూజీసీ 2016లో ఒకసారి, 2018లో ఒకసారి ఉత్తరాలు రాసింది. ఉత్తరాలు ఫైళ్లలో ఉన్నాయి, చిప్స్ మెషిన్‌లో ఉన్నాయి.

ఆ కాలేజీ పిల్లలు మాత్రం ఊరుకోలేదు. ఒక్కో ప్యాకెట్‌లో చక్కెర ఎన్ని చెంచాలో, ఉప్పు ఎంతో స్కెచ్ పెన్నుతో రాసి మెషిన్ పక్కన అంటించారు. అంటే ప్యాకెట్ వీపును ముందుకు తెచ్చారన్నమాట. సరుకు నింపే అతను "ఇది చదివితే ఎవరు కొంటరు మేడం" అని నాకే ఫోన్ చేశాడు. బతిమాలితే, కళ్లకెదురుగా ఉండే రెండు వరుసలు పల్లీపట్టీకి, వేయించిన శనగలకి ఇచ్చాడు. పల్లీపట్టీలో బెల్లం ఉంటుంది, అదీ చక్కెర లెక్కే, కానీ పల్లీల బలం కూడా వస్తుంది. మజ్జిగ ప్యాకెట్లు చల్లగా ఉంచాలంటే ఇంకో మెషిన్ కావాలన్నాడు. అది ఇంకా తేలలేదు.

మొన్న మళ్లీ వెళ్లాను. పల్లీపట్టీ ఒకటి స్ప్రింగ్‌లో ఇరుక్కుని కింద పడటం లేదు. ఇద్దరు కుర్రాళ్లు మెషిన్‌ని పట్టుకుని ఊపుతున్నారు. ఆ అమ్మాయి ఫోన్ తీసి స్కాన్ చేస్తూ, "ఆగండన్నా, ఇంకోటి కొంటే రెండూ పడతయి" అంటోంది.