తెర లేచే వేళకి రవీంద్ర భారతిలో

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈసారి స్టూడియోలో నా పక్కన మా బాబాయ్ ఉన్నారు. బ్యాంకులో ఉద్యోగం చేస్తూనే ఇరవై ఏళ్లు నాటకాలాడారు. బాబాయ్, అసలు హైదరాబాద్‌లో రవీంద్ర భారతికి మొదటిసారి ఎప్పుడెళ్లారు?

బాబాయ్: కాలేజీ రోజుల్లోనమ్మా. లకడీకాపూల్ దగ్గర బస్సు కోసం నిలబడితే వాన అందుకుంది. పరిగెత్తి లోపలికి వెళ్లాను. టికెట్ ఏదని ఎవరూ అడగలేదు. వేదిక మీద పద్యనాటకం నడుస్తోంది. ఒకాయన రాగం తీస్తుంటే వెనక వరసల్లోంచి “వన్స్‌మోర్” అని కేక. ఆయన మళ్లీ అందుకున్నాడు. వాన ఎప్పుడు వెలిసిందో నాకు తెలీదు.

హోస్ట్: ఆ హాలు ఎప్పుడు కట్టారు?

బాబాయ్: ఠాగూర్ శతజయంతికి. 1961 మేలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ప్రారంభించారు, అప్పుడాయన ఉపరాష్ట్రపతి. బెంగళూరు రవీంద్ర కళాక్షేత్ర, కలకత్తా రవీంద్ర సదన్ కూడా ఆ శతజయంతి పేరు మీద వచ్చినవే. మన దాంట్లో సుమారు వెయ్యి మంది పడతారు. అసెంబ్లీ పక్కన, పబ్లిక్ గార్డెన్స్‌కి దగ్గర్లో, ఊరి నడిబొడ్డున కట్టారు చూడు, అది గొప్ప పని. ఊరవతల కట్టి ఉంటే నాలాంటివాడు వాన వచ్చినా అటు వెళ్లేవాడు కాదు.

హోస్ట్: ఇప్పుడు మెట్రో కూడా ఉంది.

బాబాయ్: అదే! మా జట్టులో డెబ్బై దాటినవాళ్లున్నారు. పొద్దున్నే పేపర్లో ‘నగరంలో నేడు’ చూసుకుని, ఫోన్లు చేసుకుని, అసెంబ్లీ స్టేషన్లో దిగుతారు. కార్యక్రమం కూచిపూడా, పుస్తకావిష్కరణా, ఘంటసాల పాటలా అన్నది తర్వాతి సంగతి. ముందు కలుసుకోవాలి. పై అంతస్తులో పాతకాలం సినిమా నటుడు పైడి జైరాజ్ పేరు మీద చిన్న థియేటర్ ఉంది. ‘సినివారం’ అని శనివారాలు కుర్రాళ్లు తీసిన షార్ట్ ఫిల్ములు అక్కడే వేశారు. పైన వాళ్లు, కింద మేము. మెట్ల దగ్గర ఎదురైతే “ఏం తీశారు బాబూ?” అని అడగకుండా ఉండలేను.

హోస్ట్: మీకు కోపం తెప్పించే విషయం ఒకటుందని పిన్ని చెప్పింది.

బాబాయ్: సన్మానాలమ్మా. ఒక సంస్థవాళ్ల కార్యక్రమం, ఆరింటికి అన్నారు. అతిథులు రావడం, దీపం వెలిగించడం, ప్రసంగాలు, శాలువాలు... ఎనిమిదిన్నరైంది. నేను గ్రీన్ రూమ్ వైపు వెళ్లాను. ఎనిమిదేళ్ల పిల్ల, జడ, గజ్జెలు, పారాణి, అన్నీ అయిపోయి నాలుగింటి నుంచీ కూర్చుంది. వాళ్లమ్మ భుజం మీద తువ్వాలు పరిచి, మేకప్ చెరక్కుండా తల ఆనించి నిద్రపుచ్చుతోంది. పేరు పిలవగానే ఉలిక్కిపడి లేచింది, గజ్జెలు ఘల్లుమన్నాయి. తీరా వేదికెక్కితే ముందు వరసలు ఖాళీ. శాలువాలు కప్పించుకున్నవాళ్లంతా వెళ్లిపోయారు. నాకు కళ్లనీళ్లొచ్చాయి. ముందు పిల్లల చేత ఆడించండి, ఆ తర్వాత ఎంతసేపైనా మాట్లాడుకోండి.

హోస్ట్: మరి ఉచిత ప్రవేశం మంచిదేనంటారా? కళాకారులకి ఏం మిగులుతుంది?

బాబాయ్: మంచి ప్రశ్న. నన్ను లోపలికి రానిచ్చింది ఆ ఉచితమే. కానీ సురభి నాటక సమాజం వాళ్లని చూడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలెట్టారు, తరతరాలుగా కుటుంబాలకి కుటుంబాలే వేదిక మీద బతుకుతున్నాయి. మాయాబజార్‌లో ఘటోత్కచుడొచ్చేటప్పుడు ఆ మంటలు, ఆ పొగ, తెర వెనక తాళ్లు లాగే చేతులు... అంతా మనుషుల కష్టం. వాళ్లు టికెట్ పెడితే కొనాలి. పాసుల కోసం తెలిసినవాళ్లకి ఫోన్ చేయకూడదు. నేను మా మనవళ్లక్కూడా టికెట్ కొనే తీసుకెళ్తాను.

హోస్ట్: నేనూ వస్తాను బాబాయ్. ఎక్కడ కూర్చోవాలి?

బాబాయ్: ముందు వరసలు అతిథులకి వదిలెయ్. మధ్యలో, నడవ పక్కన చూసుకో. కూచిపూడి అయితే ముఖంతో పాటు పాదాలు కూడా కనిపించాలి. ఆరింటికల్లా వచ్చెయ్, గేటు దగ్గరే ఉంటాను.