ఆ ఫారంలో పిన్నికి చోటు లేదు

అందరికీ నమస్కారం. కమిటీ పెద్దల పేర్లన్నీ చదవమన్నారు, నాకిచ్చింది పది నిమిషాలే, ఒక్క దండంతో సరిపెడుతున్నాను. మనం కూర్చున్న ఈ సిడ్నీ పర్రమటా నేల దారుగ్ ప్రజలది, అంటే ఆబొరిజినల్ అనే ఆస్ట్రేలియా ఆదివాసీలది, వాళ్లకు ముందుగా నమస్కారం.

యూనివర్సిటీల్లో పీర్ మెంటారింగ్ గురించి, అంటే సీనియర్ విద్యార్థులు కొత్తవాళ్లకి దారి చూపించడం గురించి చెప్పమన్నారు. పేరు కొత్తగా ఉంది గానీ మన పిల్లలకి ఇది అలవాటే. ఫ్లైట్ దిగేసరికి సీనియర్ కారేసుకుని వస్తాడు, రూమ్ చూపిస్తాడు, ఏ సబ్జెక్టు జోలికి పోకూడదో వాట్సాప్‌లో చెప్తాడు. మరి మోరీ, వాల్గెట్ లాంటి దూరపు ఊళ్ల నుంచి వచ్చే ఆబొరిజినల్ పిల్లకి? చాలాసార్లు ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కింది తనే మొదట.

1965లో ఆబొరిజినల్ విద్యార్థి నాయకుడు చార్లెస్ పెర్కిన్స్ గారు సిడ్నీ యూనివర్సిటీ విద్యార్థులను బస్సెక్కించి ఆ ఊళ్లకే తీసుకెళ్లారు, ఆబొరిజినల్ పిల్లల్ని ఈతకొలనులోకి రానివ్వరా అని మోరీలో నిలదీశారు. అదే యూనివర్సిటీలో 2005లో జాక్ మానింగ్ బాన్‌క్రాఫ్ట్ అనే ఆబొరిజినల్ కుర్రాడు 25 మంది విద్యార్థుల్ని 25 మంది హైస్కూలు పిల్లలకి జతచేసి ‘ఎయిమ్’ అనే మెంటారింగ్ సంస్థ మొదలుపెట్టాడు. ఇలాంటివి ఇంకా రాసుకొచ్చాను, వదిలేస్తున్నా. నా కడుపులో ఉన్నది వేరే.

నేను ట్యూటర్‌గా చేసిన ఒక చోట ఫస్టియర్ అమ్మాయి ఉండేది. పెంచిన పిన్ని పోయింది. ఊరెళ్లింది, వారమైనా రాలేదు, అసైన్‌మెంట్‌కి సున్నా పడింది. గడువు పెంచమని అడిగే ఫారంలో తల్లి, తండ్రి, భర్త, పిల్లలు, తోబుట్టువులు, అంతే గళ్లు. కింద ‘డెత్ సర్టిఫికెట్ జతచేయండి’ అని. చాలామంది ఆబొరిజినల్ వాళ్ల వరసల్లో తల్లి చెల్లెలంటే తల్లే! మన ఇళ్లల్లో పెంచిన పిన్ని పోతే దినాలయ్యేదాకా ఉండమా? చెప్పండమ్మా, ముందు వరసలో వాళ్లు, ఉండమా?

ఆ అమ్మాయిని గట్టెక్కించింది మేమెవరం కాదు. ఆబొరిజినల్ విద్యార్థుల సెంటర్లో థర్డ్ ఇయర్ అమ్మాయి ఒకతి, అక్కడి వంటగది బల్ల దగ్గర ఆమె పక్కన కూర్చుని, ‘ఇతర కారణాలు’ గడిలో ఏం రాయాలో చెప్పి, ఆఫీసుకి తోడెళ్లి, సర్టిఫికెట్ అడిగినావిడతో తనే మాట్లాడింది. దానికి ఆ సీనియర్‌కి ముట్టింది ఒక కాఫీ వోచరు. తనకీ పరీక్షలున్నాయి కదండీ!

మీలో యూనివర్సిటీల్లో పనిచేసేవాళ్లు చేతులెత్తండి. చూశారా, ఎంతమందో. ఈ పిల్లల కోసం ఫెడరల్ ప్రభుత్వం 2017 నుంచి ఇండిజినస్ స్టూడెంట్ సక్సెస్ ప్రోగ్రాం కింద యూనివర్సిటీలకి డబ్బిస్తోంది, మెంటారింగ్‌కీ వాడొచ్చు. సీనియర్ల గంటలకి అందులోంచి జీతమివ్వమని మీటింగుల్లో అడగండి. ఆ ఫారం మార్చమని లెటర్ రాసి తెచ్చాను, తలుపు దగ్గర బల్ల మీద ఉంది, సంతకం పెట్టి వెళ్లండి.